రివర్స్ గేర్‌లో ‘బీప్’ ఆగిందా? మీ ప్రాక్టికల్స్ మొదలైనట్టే!

కారు బంపర్ విప్పడం పెద్ద విద్యేం కాదు. పార్కింగ్ సెన్సర్ ఎందుకు పలకడం లేదో విప్పక ముందే తేల్చడం విద్య. పెనుకొండ ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా, బెంగళూరు ఇంటర్వ్యూ గదిలోనైనా మిమ్మల్ని నిలబెట్టేది ఆ రెండోదే.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల చదువుకున్నవాళ్లకి ఒక అవకాశం కళ్లెదుటే ఉంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కియా ఫ్యాక్టరీ ఉంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చింది. అదే ఏడాది డిసెంబరు 5న అధికారికంగా ప్రారంభోత్సవం జరిగింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేసే సామర్థ్యం దానిది. 2023 జులైలో పది లక్షల మైలురాయిని దాటింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులో వెళ్తూ ఆ ఫ్యాక్టరీని మీరూ ఎన్నోసార్లు చూసే ఉంటారు.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, అందరి రెజ్యూమెలూ ఒకేలా ఉంటాయి. అవే సబ్జెక్టులు, అదే మినీ ప్రాజెక్టు, అదే ఆన్‌లైన్ సర్టిఫికెట్. ‘నువ్వు నీ చేత్తో చేసిన పని ఒకటి చెప్పు’ అని అడిగితే చాలామంది దగ్గర మాట ఉండదు. చేతులు లేక కాదు, చేయడానికి ఏం దొరుకుతుందో తెలియక. ఇంట్లోనో, పక్కింట్లోనో, బాబాయి దగ్గరో ఉన్న కారుకి పార్కింగ్ సెన్సర్ పాడైతే అది మీకు దొరికిన ఉచిత ల్యాబ్. సెన్సర్, వైరింగ్, కంట్రోలర్, ప్లాస్టిక్ బాడీ... నాలుగూ ఒకేచోట ఉంటాయి.

ఇప్పుడే ఎందుకు?

మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారయ్యే ప్రతి కొత్త కారుకీ వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీట్‌బెల్ట్ రిమైండర్, స్పీడ్ అలర్ట్ కూడా అదే రోజు నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు ఖరీదైన మోడళ్లలోనే కనిపించిన సెన్సర్, అప్పటి నుంచి చిన్న కార్లలోకీ వచ్చేసింది. ఆ తొలి కార్లలో చాలావాటికి ఇప్పటికి వారంటీ ముగిసింది. దుమ్ము, ఎండ, బోరునీళ్ల ఉప్పు, ఎలుకలు తమ పని తాము చేస్తున్నాయి. అంటే రిపేరు పని పెరుగుతుంది. ఆ పని అర్థమైనవాళ్లు కావాలి.

ఇంకో సంగతీ ఉంది. ఇరుకు సందుల్లో పిల్లలు ఆడుకుంటుండగా కారు వెనక్కి తీసే ఊళ్లు మనవి. సెన్సర్ పలకడం లేదని తెలిసీ ‘అద్దంలో చూసుకుంటాంలే’ అని నెలల తరబడి నడిపేవాళ్లు ఎందరో. ఈ చిన్న రిపేరు వెనక ఒక ప్రాణం ఉండొచ్చు.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

బంపర్ మీద కనిపించే ఆ గుండ్రటి బొత్తంలో పీజో ఎలక్ట్రిక్ పలక ఉంటుంది. కరెంటు తగిలితే అది కంపిస్తుంది. మన చెవికి వినపడని శబ్దం, సుమారు 40 నుంచి 50 కిలోహెర్ట్జ్‌లో, బయటికి పోతుంది. వెనక ఉన్న గోడకి తగిలి తిరిగొస్తుంది. తిరిగొచ్చిన శబ్దానికి అదే పలక మళ్లీ కంపించి కరెంటు పుట్టిస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలాన్ని కంట్రోలర్ లెక్కేస్తుంది.

లెక్క తేలికే. 20 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది. గోడ ఒక మీటరు దూరంలో ఉంటే పోను రాను 2 మీటర్లు. పట్టే కాలం సుమారు 5.8 మిల్లీ సెకన్లు. మినీ ప్రాజెక్టులో ఆర్డ్వినోకి తగిలించే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 మాడ్యూల్ పనిచేసేదీ ఇదే సూత్రం మీద. దాన్ని వాడినవాళ్లకి సగం పాఠం వచ్చేసినట్టే.

ఇక్కడి నుంచే ఇంటర్వ్యూ ప్రశ్నలు పుడతాయి. మూడు గుర్తుపెట్టుకోండి.

- వేడి పెరిగితే? మన ఎండాకాలం 40 డిగ్రీల్లో శబ్దవేగం సుమారు 355 మీటర్లవుతుంది. సరిచేసుకోకపోతే మీటరు దూరం దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా వస్తుంది.
- మరీ దగ్గరైతే? శబ్దం పంపిన తర్వాత కూడా పలక కాసేపు కంపిస్తూనే ఉంటుంది, గంట కొట్టాక మోగుతున్నట్టు. ఆ లోపే తిరిగొచ్చిన ప్రతిధ్వనిని వేరుచేయడం కష్టం. అందుకే బాగా దగ్గరికెళ్తే దూరం చెప్పడం మానేసి ఆగకుండా మోగుతుంది.
- ఏది దొరకదు? సన్నటి కంబీ, బంపర్ కంటే తక్కువ ఎత్తున్న రాయి, మెత్తటి మూట. ధర్మవరం నేతవాళ్ల వీధిలో నూలు మూటలు వెనకుంటే సెన్సర్ గోడని చెప్పినంత గట్టిగా చెప్పలేకపోవచ్చు. మెత్తటిది శబ్దాన్ని పీల్చేసుకుంటుంది. సెన్సర్ బాగున్నా అద్దంలో చూడాల్సిందే అనేది ఇందుకే.

విప్పకుండానే సగం పని

హిందూపురంలో పాతికేళ్లుగా కార్ల వైరింగ్ పని చేస్తున్న ఒక అన్న, బంపర్ ఎప్పుడు విప్పుతావని తొందరపెట్టే కారు ఓనర్లకి ఒకటే చెబుతాడు: ‘బంపర్ యాడికీ పోదు సామీ, ముందు చెవి పెట్టి ఇనండి.’ ఆ మాటలో మొత్తం పద్ధతి ఉంది.

కారు సమంగా ఉన్న చోట ఆపండి. హ్యాండ్‌బ్రేక్ వేయండి. చక్రాల కింద రాళ్లు పెట్టండి. ఇంజిన్ ఆపేసి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచి రివర్స్ గేర్ వేయండి. మాన్యువల్ కార్లలో ఇంత చాలు, సెన్సర్లు మేలుకుంటాయి. ఇంజిన్ నడుస్తుండగా కారు వెనక ఎవరూ నిలబడకూడదు. ఇది నియమం, సలహా కాదు.

1. బీప్ తీరు రాసుకోండి. గేర్ వేయగానే కొన్ని సెకన్లు ఒకటే పొడుగ్గా మోగి ఆగిపోతే చాలా కార్లలో అర్థం ‘నాలో లోపం ఉంది’ అని. వెనక ఏమీ లేకున్నా టిక్ టిక్‌మని మోగుతుంటే సెన్సర్ బతికే ఉంది, ఏదో అడ్డు కనిపిస్తోంది. అసలు శబ్దమే లేకపోతే ఫ్యూజు, స్పీకరు, కంట్రోలర్, రివర్స్ స్విచ్... ఇలా అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ముందు అనుమానించాలి. నాలుగు సెన్సర్లూ ఒకే రోజు చచ్చిపోవడం అరుదు కదా.

2. కడగండి. ఎర్రమట్టి పొర, బోరునీళ్లు ఆరిపోయాక మిగిలే తెల్లటి ఉప్పు, స్టిక్కరు, మందంగా కొట్టిన పెయింటు... ఇవన్నీ సెన్సర్ నోరు నొక్కేస్తాయి. మెత్తటి బట్ట, సబ్బునీళ్లు చాలు. ప్రెషర్ వాషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టకండి.

3. అడ్డాలు చూడండి. తర్వాత బిగించిన స్టీల్ గార్డు, వంగిన నంబరు ప్లేటు ఫ్రేము తప్పుడు బీప్‌కి తరచూ కారణం.

4. వినండి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఒక్కో సెన్సర్ దగ్గర చెవి పెడితే సన్నటి టిక్ టిక్ వినిపిస్తుంది. వేలు ఆనిస్తే చిన్న కంపనం తెలుస్తుంది. మూడు పలికి ఒకటి మౌనంగా ఉంటే, మీ అనుమానితుడు దొరికినట్టే.

5. స్కానర్ ఉంటే వాడండి. కాకపోతే చవక రకం ఓబీడీ రీడర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి. పార్కింగ్ మాడ్యూల్‌ని పలకరించలేకపోవచ్చు. కోడ్ రాలేదు కాబట్టి లోపం లేదనుకోకండి.

ఇదంతా ఒక నోట్‌బుక్‌లో ఎడమ నుంచి కుడికి 1, 2, 3, 4 అని నంబర్లేసి రాసుకోండి. ఈ కాగితం ఎందుకు పనికొస్తుందో కాసేపట్లో చెప్తాను.

బంపర్ ట్రిమ్ విప్పడం ఇలా

మొదట కారు కిందికి తొంగి చూడండి. కొన్ని మోడళ్లలో కింది నల్ల ట్రిమ్ మాత్రం తీస్తే, లేదా కిందినుంచి చెయ్యి పోనిస్తే సెన్సర్ అందుతుంది. అలాంటప్పుడు మొత్తం బంపర్ విప్పే పని లేదు.

కావాల్సినవి: స్క్రూడ్రైవర్లు, 8, 10 ఎంఎం సాకెట్లు, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్, మల్టీమీటర్, మాస్కింగ్ టేపు, పాత దుప్పటి, కోడిగుడ్ల అట్ట, ఫోను, తోడుగా ఇంకో మనిషి. గుడ్ల అట్ట ఎందుకంటే, విప్పిన స్క్రూలు ఏ వరుసలో తీశారో ఆ వరుసలో గుంతల్లో వేసుకోవడానికి. బిగించేటప్పుడు వెనక నుంచి మొదలుపెడితే చాలు.

- ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి కొన్ని నిమిషాలు ఆగండి.
- బంపర్ అంచున, ఫెండర్ మీద మాస్కింగ్ టేపు అంటించండి. పెయింటు గీతలు ఎక్కువగా పడేది అక్కడే.
- స్క్రూలు సాధారణంగా నాలుగు చోట్ల ఉంటాయి: చక్రం పైన ఉండే లైనర్ దగ్గర, బంపర్ కింద, డిక్కీ తెరిస్తే కనిపించే అంచున, టెయిల్ ల్యాంపుల వెనక. టెయిల్ ల్యాంపులు ముందే తీయాల్సి రావచ్చు.
- ప్లాస్టిక్ క్లిప్పులకి నడుమ చిన్న పిన్ను ఉంటుంది. కొన్నిట్లో దాన్ని పైకి లేపాలి, కొన్నిట్లో లోపలికి నొక్కాలి. తెలియకుండా పీకితే విరుగుతాయి. అరడజను కొత్త క్లిప్పులు ముందే కొని పెట్టుకోండి.
- అన్నీ తీశాక చక్రం వైపు మూల నుంచి చేత్తో బయటికి లాగుతూ రండి. ‘టక్’మంటూ లాకులు వదులుతాయి. రాకపోతే బలం పెంచకండి, ఒక స్క్రూ మిగిలిపోయిందని అర్థం. చలికాలం పొద్దున్నే ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, కాస్త ఎండెక్కాక మొదలుపెట్టండి.
- బంపర్ పూర్తిగా ఊడక ముందే ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, లోపలున్న వైరింగ్ కనెక్టర్ విడదీయండి. ఆ తర్వాత పెయింటు వైపు కిందికి ఉండేలా దుప్పటి మీద పెట్టండి.

ప్రతి దశలో ఒక ఫొటో తీయండి. ఏ మోడల్‌కి స్క్రూ ఎక్కడుందో కచ్చితంగా చెప్పేది ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ మాత్రమే.

సెన్సర్‌దా తప్పు, వైరుదా?

చాలామంది ఇక్కడే కొత్త సెన్సర్ కొనేస్తారు. ఆగండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది, దానిపేరు మార్పిడి. పలకని సెన్సర్‌ని, పలికే సెన్సర్‌ని ఒకదాని చోట ఒకటి పెట్టండి. రెండిటి పార్ట్ నంబరు ఒకటే అని ముందు చూసుకోండి. కనెక్టర్ కలిపి, బ్యాటరీ తగిలించి మళ్లీ వినండి. మౌనం సెన్సర్‌తో పాటు కొత్త చోటికి వెళ్తే సెన్సర్ పోయింది. మౌనం పాత చోటే ఉండిపోతే సెన్సర్ అమాయకురాలు. తప్పు వైరుదో, కనెక్టర్‌దో, కంట్రోలర్‌దో.

అప్పుడు మల్టీమీటర్ తీయండి. చాలా సెన్సర్లకి మూడు పిన్నులుంటాయి: సప్లై, గ్రౌండ్, సిగ్నల్. సప్లై ఎన్ని వోల్టులు ఉండాలో మోడల్‌ని బట్టి మారుతుంది. కాబట్టి పలికే సెన్సర్ కనెక్టర్ దగ్గర ఎంత వస్తోందో చూసి దాంతో పోల్చండి. వైరు తెగిందా అన్నది బ్యాటరీ తీసేశాక కంటిన్యుటీలో చూడాలి. సెన్సర్ లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, దాన్ని ఓమ్స్‌లో కొలిచి తీర్పు చెప్పకండి. కొన్ని కొత్త కార్లలో సెన్సర్లు గొలుసులా ఒకదాని వెనక ఒకటి కలిసి ఉంటాయి. అక్కడ ఒకచోట తెగితే తర్వాతవీ మూగబోతాయి. పిన్నులు మూడు కంటే ఎక్కువుంటే వైరింగ్ డయాగ్రమ్ చూడకుండా ముందుకెళ్లొద్దు.

కనెక్టర్‌లో పచ్చటి తుప్పు కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టండి. తెగిన వైరుకి సోల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుడితే వానాకాలం దాకా కూడా ఆగదు. సెన్సర్ చుట్టూ ఉండే రబ్బరు రింగు తప్పక తిరిగి పెట్టండి. అది లేకపోతే సెన్సర్ కంపనం బంపర్‌కి పాకి, ఏమీ లేకుండానే మోగుతుంది.

మొన్న వేసవిలో హిందూపురంలో మా మామయ్య ఐదేళ్ల కారుకి ఇదే పద్ధతి వాడాం. ఒకచోట ‘నాలుగు సెన్సర్ల సెట్టూ మార్చాలి’ అన్నారట. చెవి పెడితే మూడో నంబరు పలకలేదు. మార్పిడి చేస్తే మౌనం మూడో చోటే ఉండిపోయింది. కనెక్టర్ దగ్గర సప్లై లేదు. వైరు వెంబడి వెళ్తే మూలలో ఎలుక కొరికిన గుర్తు. జానెడు వైరు, స్లీవ్, సోల్డరు... 200 రూపాయల్లోపే అయింది. సెన్సర్ ఒక్కటీ మార్చలేదు.

బిగించాక కొలిచి చూడండి

బంపర్ బిగించక ముందే ఒకసారి, బిగించాక ఒకసారి పరీక్షించండి. ఖాళీ అట్టపెట్టెని టేపుతో కొలిచి 150, 100, 50 సెంటీమీటర్ల దగ్గర ఒక్కో సెన్సర్ ఎదురుగా పెట్టండి. ఏ దూరంలో బీప్ ఎలా మారిందో రాయండి. మనిషిని నిలబెట్టి పరీక్షించకండి. పని అయిందనడానికి రుజువు ఈ అంకెలే.

వీటి జోలికి వెళ్లొద్దు

- కారు వారంటీలో ఉంటే విప్పకండి, సర్వీస్ సెంటర్‌కి పంపండి.
- ముందు బంపర్ వెనక ఎయిర్‌బ్యాగ్ క్రాష్ సెన్సర్లు ఉండొచ్చు. నేర్చుకునేవాళ్లు వెనక బంపర్‌తోనే ఆగిపోవాలి.
- బ్లైండ్ స్పాట్ హెచ్చరిక ఉన్న కార్లలో వెనక బంపర్ మూలల్లో రాడార్లు ఉంటాయి. అవి కాస్త కదిలినా క్యాలిబ్రేషన్ కావాలి.
- ఓనర్ అనుమతి లేకుండా ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకండి.

ఇప్పుడు ఆ నోట్‌బుక్ తీయండి

‘పార్కింగ్ సెన్సర్ రిపేరు చేశాను’ అని రెజ్యూమెలో రాస్తే ఎవరూ ఆగి చూడరు. ఇలా రాయండి: ‘నాలుగు సెన్సర్ల వ్యవస్థలో మూడోది పనిచేయకపోవడానికి కారణాన్ని మార్పిడి పరీక్ష, సప్లై కొలతలతో వైరింగ్‌కి పరిమితం చేసి, సెన్సర్ మార్చకుండానే సరిచేశాను. మూడు దూరాల్లో పరీక్షించి నిర్ధారించాను.’ పని అదే. రెండో వాక్యంలో మాత్రం మీ ఆలోచన కనిపిస్తుంది.

వాహన ఫ్యాక్టరీల క్వాలిటీ విభాగాల్లో ‘వై-వై అనాలిసిస్’ అనే అలవాటు ఉంది. టయోటా నుంచి ప్రపంచమంతా పాకిన పద్ధతి అది. ఐదుసార్లు ‘ఎందుకు?’ అని అడగడమే. మామయ్య కారుకి అడిగి చూద్దాం.

- సెన్సర్ ఎందుకు పలకలేదు? సప్లై అందలేదు.
- ఎందుకు అందలేదు? వైరు తెగింది.
- ఎందుకు తెగింది? ఎలుక కొరికింది.
- ఎలుక అక్కడికెందుకు వచ్చింది? శెనక్కాయల బస్తాల గోడౌన్ పక్కన కారు వారాల తరబడి కదలకుండా ఉంది.
- వైరు దానికెందుకు దొరికింది? ఆ మూలలో వైరుకి రక్షణ గొట్టం లేదు.

వైరు అతికించడం రెండో ప్రశ్నకి జవాబు. గొట్టం తొడగడం, కారు ఆపే చోటు మార్చడం చివరి రెండిటికి జవాబు. రెండో ప్రశ్న దగ్గరే ఆగినవాళ్ల కారు మళ్లీ ఆరునెలలకి షెడ్డుకొస్తుంది. ఇంటర్వ్యూలో ఈ ఐదు వాక్యాలు తడబడకుండా చెప్పి, నోట్‌బుక్ పేజీ చూపించండి. తర్వాతి ప్రశ్నలు మీకు తెలిసిన దాని మీదే వస్తాయి.

ఇక్కడి నుంచి దారులు

ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడు. మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ ట్రేడూ ఉంది. డిప్లొమా, డిగ్రీ పూర్తిచేసినవాళ్లకి నాట్స్ కింద, ఐటీఐ వాళ్లకి 2016లో మొదలైన న్యాప్స్ కింద స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి. వీటికి ఆధారం 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం. సర్వీస్ టెక్నీషియన్ లాంటి కొలువులకి ఏ నైపుణ్యం కావాలో ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ ప్రమాణాలు పెట్టింది. దరఖాస్తు చేసేముందు అవి చదివితే మీకేం తక్కువో మీకే తెలుస్తుంది.

ఈసీఈ, ఈఈఈ వాళ్లు ఇది మెకానిక్ పని అనుకోవద్దు. అల్ట్రాసోనిక్ సెన్సర్లు చేసే బాష్‌కి బెంగళూరులో, వాలియోకి చెన్నైలో పెద్ద కేంద్రాలున్నాయి. సిగ్నల్ ప్రాసెసింగ్, ఎంబెడెడ్ టెస్టింగ్, వాలిడేషన్ ఉద్యోగాల్లో అడిగేది ఇదే: లోపం ఎక్కడుందో ఎలా తేల్చావు?

ఈ ఆదివారం మొదటి అడుగు వేయండి. మీకు తెలిసిన ఒక కారు దగ్గరికి వెళ్లి, ఓనర్‌ని అడిగి, ఏదీ విప్పకుండా నాలుగు సెన్సర్లూ విని, అట్టపెట్టెతో కొలిచి, పేజీ నింపండి. అన్నీ బాగుంటే మంచిదే. బాగున్న సెన్సర్ ఎలా పలుకుతుందో చెవికి పట్టినవాళ్లకే పాడైంది వెంటనే తెలుస్తుంది.